ఓయ్ అన్న బేస్

మా మనవరాలి గదిలో రెండు స్పీకర్లు, వాటి ముందు ఒక కుర్చీ, ఆ కుర్చీలో వారం రోజులుగా వేళకు తిండి తినని మా పిల్ల. కింది వాటాలో టైలరు ఉంటాడు. స్పీకర్లు గట్టిగా మోగినప్పుడల్లా ఆయన గజం బద్దతో తన పైకప్పును మూడుసార్లు పొడుస్తాడు. ఆయన పైకప్పే మా నేల కాబట్టి ఆ మూడు పోట్లూ నా అరికాళ్ళకు తగులుతాయి. ఆ బుధవారం పొద్దున పది కొట్టేలోపే రెండుసార్లు తగిలాయి.

"మామయ్యకి ఇవాళ చెవులు బాగా పనిచేస్తున్నాయి," అంది పిల్ల, వాల్యూమ్ మాత్రం తగ్గించకుండా.

"కాజాలు కుట్టుకునే మనిషి. సూది వణికితే ఊరుకుంటాడా? కాస్త మెల్లగా పెట్టు తల్లీ, ఖాళీ చేయమంటాడు."

"ఇల్లు ఆయనది కాదుగా అమ్మమ్మా."

"అయితే మాత్రం? భయపడటానికి ఇల్లు ఆయనదే కానక్కర్లేదు."

నాకు ప్రతిదానికీ భయమే. గ్యాస్ కట్టేశానో లేదో అని భయం. ఎవరైనా గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే, వీళ్ళు మళ్ళీ కనిపిస్తారో లేదో అని భయం. కానీ ఆ రోజు భయం వీటన్నిటికంటే పెద్దది. అది చెప్పాలంటే ముందు బేస్ సంగతి చెప్పాలి.

మా పిల్ల కంప్యూటర్‌లో సంగీతం చేస్తుంది. వాయించేవాళ్ళుండరు, పాడేవాళ్ళుండరు. తిప్పే నాబులూ నొక్కే మీటలూ ఉన్న పెట్టె ఒకటి ఉంది, దాన్ని సింథ్ అంటుంది. దాంట్లో ఉత్త కరెంటు మోత పుట్టించి, దాన్ని చెక్కి చెక్కి తనకు కావలసిన శబ్దం చేసుకుంటుంది. రెండు నెలల కిందట ఒక డాన్స్ బృందానికి ఒక్క నిమిషం ముక్క చేసి పంపింది. అందులో అడుగున నడిచే లావుపాటి బేస్ శబ్దం ఒకచోట అచ్చం మనిషి పిలిచినట్టు 'ఓయ్' అంటుంది. గొంతు లేదు, మనిషి లేదు, అయినా ఓయ్ అంటుంది. ఆ ఒక్క చోటు విని డాన్స్ మేడమ్ ప్రదర్శన మొత్తం మార్చేసింది. ఏడుగురు డాన్సర్లు జనానికి వీపు పెట్టి నిలబడతారట. బేస్ ఒక్కొక్కరినీ ఒక్కో స్థాయిలో పిలుస్తుందట. పిలుపు అందినవాళ్ళు వెనక్కి తిరుగుతారట. గంటంపావు ప్రదర్శన ఆ ఓయ్ మీద నిలబడి ఉంది.

ఆ ఓయ్ ఎలా చేసిందో మా పిల్ల దగ్గర లేదు.

ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని పాత ఫైళ్ళు తుడిచేసింది. పాట రికార్డు ఉంచుకుంది, దాన్ని చేసిన ఫైలు పారేసింది. వండిన కూర గిన్నెలో ఉంది, ఏమేం వేసి వండిందో పోయింది.

"ఎందుకు తుడిచావే?"

"ఎలా చేశానో నాకు తెలుసుగా అనుకున్నా."

"మరి తెలుసా?"

"తెలిస్తే వారం నుంచి మామయ్య చేత కప్పు పొడిపించుకుంటానా?"

ఉన్న రికార్డునే కిందికీ పైకీ జరుపుకోవచ్చు కదా అని అడిగాను. అది చేసి వినిపించింది. కిందికి దించితే గేదె ఆవులించినట్టుంది. పైకి లేపితే చెవి దగ్గర దోమ.

"చూశావా? రికార్డుని దించితే గొంతుతో పాటు నోరు కూడా సాగిపోతుంది. రాక్షసుడి నోరవుతుంది. లేపితే ఎలుక నోరు. మనిషి పైకి పాడినా కిందికి పాడినా నోరు అదే కదా. నాకు గొంతు మారాలి, నోరు మారకూడదు. అందుకే మొదటి నుంచీ మళ్ళీ కట్టాలి."

సాయంత్రం ఐదింటికి డాన్స్ మేడమ్ వచ్చి ఏడు పిలుపులూ వింటుంది. నచ్చితే శనివారం పొద్దున బయల్దేరే బృందం బస్సులో మా పిల్లకు సీటు. ఊరూరా ప్రదర్శనలు, నాలుగు నెలలు. నచ్చకపోతే ఆ సీటు ఇంకెవరో కుర్రాడిది. అతను ఇంకో రకం సంగీతంతో సిద్ధంగా ఉన్నాడట.

ఇదే నా పెద్ద భయం. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, వేరే ఊళ్ళో నర్సు. పిల్ల పదకొండో ఏట నుంచీ నా దగ్గరే. ఓయ్ దొరికిందంటే నా పిల్ల చెప్పులు తొడుక్కుంటుంది. దొరకలేదంటే ఏడుస్తుంది. పొద్దున్నుంచీ ఆ గదిలో కూర్చుని ఏ దేవుడికి ఏమని మొక్కాలో తేల్చుకోలేకపోయాను.

పదకొండింటికి ఆమె నాకు పాఠం చెప్పింది. ఎవరికైనా చెబితే తనకే తెలుస్తుందని ఆమె నమ్మకం. మన గొంతు చేసేది జుమ్మనే మోత ఒక్కటేనట. అక్షరం చేసేది నోరు. ఆ మోతలో రెండు చోట్ల నోరు దాన్ని పైకి ఎత్తుతుంది. ఒక చోటు ఎక్కువగా దవడను బట్టి, రెండో చోటు ఎక్కువగా నాలుకను బట్టి. ఆ రెండూ ఎక్కడున్నాయో చూసి మన చెవి ఇది ఆ, ఇది ఈ, ఇది ఓ అని తేల్చుకుంటుంది. సింథ్‌లో ఆ పని చేసేవి రెండు ఫిల్టర్లు.

"ఓ-కి ఎక్కడుండాలో తెలుసు. ఈ-కి ఎక్కడుండాలో తెలుసు. ఓ నుంచి ఈ-కి వెళ్తే ఓయ్ రావాలి. రెండు ఫిల్టర్లూ ఒకే నాబ్‌కి కట్టేశా, ఎంత శుభ్రంగా ఉందో చూడు. విను."

విన్నాను. ఓ అన్నవాడు ఒకడు, ఈ అన్నవాడు ఇంకొకడు, మధ్యలో ఇద్దరినీ కలిపి సాగదీసినట్టుంది. ఎవరినీ పిలవడం లేదు.

తప్పెక్కడుందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

నేను ఇరవై ఏడేళ్ళు నేత మిల్లులో పనిచేశాను. రెండు వందల మరమగ్గాలు ఒకే హాల్లో ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఆడవాళ్ళమంతా గొంతు లేకుండా మాట్లాడేవాళ్ళం. పెదాలు, దవడ పెద్దగా కదిపితే నాలుగు మగ్గాల అవతల ఉన్న మనిషి కూడా చదివేది. సూపర్‌వైజరు ఎదురుగా నిలబడి ఉండగానే అతన్ని తిట్టుకునేవాళ్ళం. అతను పాపం మేం పాటలు పాడుకుంటున్నామనుకుని తల ఊపేవాడు. పుస్తకం చదవడం నేను మిల్లులో చేరిన కొన్నేళ్ళకు సొంతంగా నేర్చుకున్నాను. నోళ్ళు చదవడం ముందు వచ్చింది.

నా ఎదురు మగ్గం పొడుగక్కది. ఆమె నన్ను పిలిచేది ఓయ్ అనే. రోజుకు వంద ఓయ్‌లు, పంతొమ్మిదేళ్ళ పాటు. ఒక్కదానికీ చప్పుడు లేదు. ప్రతి రెండు నిమిషాలకూ తలెత్తి ఎదుటి నోటి వైపు చూడటం మాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. కాబట్టి ఓయ్ అనే మాట నోట్లో ఎలా పుడుతుందో, ఏది ముందు కదులుతుందో, ఏది వెనకబడుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండరు.

మిల్లు మూసేసిన రోజు మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. అంత నిశ్శబ్దం మేమెప్పుడూ వినలేదు. గేటు దగ్గర నోటీసు బోర్డులో ఎవరి పేర్లో అంటించారని నేను అటు తిరిగి చదువుతున్నాను. పొడుగక్క కుటుంబం సామాన్ల లారీలో వెళ్ళిపోతోంది. లారీ కదిలి మలుపు తిరిగాక పక్కనున్న ఆమె నా భుజం తట్టింది. "పలకవేమే? అక్క నిన్ను ఎంతసేపు పిలిచిందో."

"నాకు వినపడలేదే."

"గొంతెత్తితేగా. నోటితోనే పిలిచింది."

అన్నేళ్ళ అలవాటు. మగ్గాలు ఆగిపోయాయని ఆమె నోటికి తట్టలేదు. మగ్గాలు ఆగిపోయాయి కాబట్టి నోళ్ళ వైపు చూడాలని నా కళ్ళకు తట్టలేదు. మళ్ళీ ఆమెను చూడలేదు.

వంటింట్లో పాలు కాచాను. కాచిన పాలు మళ్ళీ కాచాను. ఒంటిగంట దాటింది. గదిలో చప్పుడు ఆగిపోయింది. కింద కుట్టు మిషను ఒక్కటే టకటకలాడుతోంది. గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూశాను.

పిల్ల స్పీకర్లు కట్టేసింది. తెర మీద తన మొహం కనబడుతోంది కాబోలు, దాన్నే చూస్తూ ఓయ్ అంటోంది. గొంతు లేకుండా. పెదాలు గుండ్రంగా చేసి, వదిలి. మళ్ళీ గుండ్రంగా చేసి, వదిలి. వినేవాళ్ళెవరూ లేని పిలుపు.

ఈసారి నేను చూస్తున్నాను కదా.

"నీ ఫిల్టర్లు రెండూ కలిసి బయల్దేరుతున్నాయే," అన్నాను గుమ్మంలోంచే. "నోరు అలా పనిచేయదు."

ఉలిక్కిపడి తిరిగింది. "ఏంటమ్మమ్మా?"

"దవడ బద్ధకస్తురాలు. ఓయ్ అన్నప్పుడు నాలుక ముందు పరిగెడుతుంది. అది అవతలికి చేరాక గానీ దవడ లేవదు. నువ్వు రెంటినీ ఒకే తాడుకు కట్టేశావు. నా నోరు చూడు."

గొంతు లేకుండా, మిల్లులో లాగా, పెద్దగా ఓయ్ అన్నాను. పిల్ల కుర్చీ ముందుకు లాక్కుంది.

"మళ్ళీ అను."

మళ్ళీ అన్నాను. పది సార్లు అనిపించింది. తర్వాత లేచి నిలబడింది. ఆ కళ్ళు చూస్తే నాకు భయమూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఆ పిల్ల అలా నిలబడిందంటే ఇంట్లో ఏదో ఒక వస్తువు విరుగుతుంది.

"అమ్మమ్మా, వంటింటి గరాటు ఇస్తావా?"

"నూనెది."

"కడిగిస్తావా?"

పావుగంటలో నూనె గరాటు ఒక చిన్న స్పీకరుకు బోర్లించి ఉంది, చుట్టూ ప్యాకింగ్ టేపు. గరాటు కాడకు వేలి లావు ప్లాస్టిక్ పైపు. కొత్త వాటర్ ఫిల్టర్‌తో పాటు వచ్చి అటక మీద పడి ఉన్నది. పైపు రెండో కొస నా నోటి మూల పెట్టుకోమంది. ఎదురుగా మైకు.

"నేను సింథ్‌లో ఉత్త మోత వాయిస్తా. అది పైపులోంచి నీ నోట్లోకి వస్తుంది. నువ్వు గొంతు కలపకు. నోటితో మాత్రం ఓయ్ అను. అప్పుడు గొంతు నా సింథ్‌ది, నోరు నీది."

"కరెంటు కొడుతుందా?"

"కొట్టదు. ప్లాస్టిక్కే."

"నీకు తెలుసా, తెలుసనుకుంటున్నావా?"

"తెలుసు అమ్మమ్మా," అంది నవ్వాపుకుంటూ.

మీట నొక్కింది. ఆ మోత నా నోట్లోకి దిగగానే పళ్ళ సెట్టు గడగడలాడింది. పై వరస ఊడి పైపు మీద పడి, డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టు చప్పుడు. అది మొత్తం మైకులో రికార్డయింది. పిల్ల నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుంది.

"పళ్ళు తీసేయ్ అమ్మమ్మా."

"పళ్ళు లేకుండా ఎవరి ముందూ నోరు తెరవను. మీ తాతయ్య ముందే తెరవలేదు."

"ఇక్కడ నేనూ మైకే ఉన్నాం."

"మైకుకి మరీ సిగ్గుండదు." కానీ తీసి గ్లాసులో వేశాను.

రెండోసారి మోత వచ్చింది. మరమగ్గాల హాల్లోకి తలుపు తీసుకుని అడుగు పెట్టినట్టుంది. పుర్రె లోపలంతా అదే మోత, ఇరవై ఏడేళ్ళ మోత. నోరు దానంతటదే తెరుచుకుంది. ఓ అని గుండ్రంగా చేసి, నాలుక వదిలి, దవడ ఆఖర్న లేపాను.

గదిలో ఎవరో ఓయ్ అన్నారు.

నేను అనలేదు. నా గొంతు మూసే ఉంది. అయినా నా నోట్లోంచే వచ్చింది, మగగొంతూ కాదు, ఆడగొంతూ కాదు. పొడుగక్క నోట్లో లక్షసార్లు చూసిన మాటను చెవితో వినడం నాకు అదే మొదలు. మంచం కోడు పట్టుకున్నాను.

"ఆపకు, ఆపకు," అంటోంది పిల్ల. "ఇంకోటి. కాస్త మెల్లగా. ఇంకోటి."

ఇరవై దాకా అన్నాను. చొంగ కారింది, తుడుచుకుని మళ్ళీ అన్నాను. ఇక ఈ ఓయ్‌నే వాడుకోవచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపింది. పైపులోంచి వచ్చేసరికి శబ్దంలో లావంతా పోయిందట. డాన్సర్ల కాళ్ళ కింద నేల కదలాలంటే అసలు సింథే మోగాలట. పైపు రికార్డు నోరు చూసి రాసుకోవడానికి మాత్రమే. దాన్ని కంప్యూటర్‌లో బొమ్మగా వేసింది. నల్లటి తెర మీద రెండు వెలుగు చారలు. అడుగు చార దవడ, పై చార నాలుక. పై చార గబుక్కున పైకి లేచి కూర్చుంది. అడుగు చార అది చేరేదాకా కదల్లేదు, ఆ తర్వాత తీరిగ్గా దిగింది.

పిల్ల తెర దగ్గరికి వంగి చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"బిస్కెట్."

"ఆకలేస్తోందా?"

"కాదమ్మమ్మా. అప్పుడు, మొదటిసారి చేసినప్పుడు, రెండు నాబులు రెండు చేతులతో తిప్పా. ఎడమ చేతిలో బిస్కెట్ ఉంది. రెండు వేళ్ళతోనే తిప్పాల్సొచ్చింది. అందుకే ఎడమది ఆలస్యమైంది. తర్వాత శుభ్రంగా చేద్దామని రెంటినీ కలిపి కట్టేశా. దవడ బద్ధకం నేనే పోగొట్టా."

మూడున్నర అయింది. ఫిల్టర్లను మళ్ళీ రెండు నాబులకు విడగొట్టింది. కానీ వారం పాటు ఒకే నాబ్‌కి అలవాటు పడ్డ చేతులు ఎంత చెప్పినా కలిసే తిరుగుతున్నాయి. నాలుగోసారి తప్పాక నా వైపు చూసింది.

"నువ్వు దవడ తిప్పు. నేను నాలుక."

"నేనా? విరిగితే?"

"విరగదు. నీ నోట్లో నువ్వు అనుకో, చెయ్యి దానంతటదే వస్తుంది."

వేళ్ళు తడిగా ఉంటే కొంగుకు తుడుచుకున్నాను. పెద్ద స్పీకర్లు పెట్టింది. ఎడమ నాబ్ మీద నా చెయ్యి, కుడి నాబ్ మీద ఆమెది. ఆమె మీట నొక్కగానే గుండెలో దిగే బేస్ లేచింది. బోసినోట్లో ఓయ్ అనుకుంటూ ఆమె నాలుక చేరేదాకా ఆగి నేను దవడ లేపాను.

ఓయ్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం తిప్పిన తిప్పుడును కంప్యూటర్ గుర్తుపెట్టుకుంది. ఇక మీట మారిస్తే గొంతు మారుతుంది, నోరు మారదు. పిల్ల కింది మీట నుంచి పైకి ఒక్కొక్కటే నొక్కింది. ఏడు ఓయ్‌లు. గేదె లేదు, దోమ లేదు. ఏడూ ఒకే మనిషి, ఏడుగురిని పిలిచినట్టు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. నేను వద్దనలేదు. ఇంకా పెంచు అన్నానేమో కూడా.

అరికాళ్ళకు పోట్లు తగలలేదు. దానికి బదులు తలుపు దబదబ మోగింది. తీస్తే టైలరు, మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కినట్టు రొప్పుతున్నాడు.

"ఏమైంది పిన్నిగారూ? పడ్డారా?"

"నేనెందుకు పడతాను?"

"ఓయ్ ఓయ్ అని ఒకటే పిలుపు. ఒకసారైతే పోనీలే అనుకునేవాణ్ణి. మనవడున్న మనిషిని ఓయ్ అన్నారంటే ఏదో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నా."

పిల్ల ఆయన రెండు భుజాలూ పట్టుకుంది. "మామయ్యా, ఏం వినపడిందో ఇంకోసారి చెప్పు."

"ఏం వినపడటమేంటమ్మా? ఓయ్. వారం నుంచి దబదబ బాదుతున్నావు, ఇవాళ మనిషెవరో పిలిచారు. ఎవరు?"

"మా అమ్మమ్మ," అంది పిల్ల. తర్వాత కాస్త ఆలోచించి, "ఇంకా ఒక పొడుగావిడ," అంది. పైపు నోట్లో పెట్టుకోబోయే ముందు ఆ కథ ఆమెకు రెండు ముక్కల్లో చెప్పాను.

ఆయన నా బోసినోటి వైపు ఒకసారి, గరాటు వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

ఐదు కాకముందే డాన్స్ మేడమ్ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. స్పీకర్లకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి, చేతులు వదిలేసి నిలబడింది. పిల్ల మీటల మీద వేళ్ళు పెట్టింది. నా పళ్ళ సెట్టు నా నోట్లోనే ఉంది, అయినా గట్టిగా కరుచుకుని ఉన్నాను. మొదటి పిలుపు. మేడమ్ కదల్లేదు. రెండోది. కదల్లేదు. మూడో పిలుపుకు ఆమె మెడ దానంతటదే తిరిగింది, తర్వాత భుజం, తర్వాత మనిషంతా.

"ఆ మూడోది నాది," అంది. "మిగతా ఆరూ పిల్లలకిస్తాను. శనివారం ఎనిమిదింటికి బస్సు. పరుపు తెచ్చుకోకు, దుప్పటి మాత్రం తెచ్చుకో. బస్సులో ఏసీ చంపేస్తుంది."

పిల్ల నన్ను ఎత్తి తిప్పబోయింది. నడుం పట్టేస్తుందని నేనే దింపమన్నాను. నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం చెప్పులు తొడుక్కునే చప్పుడు మొదలైంది.

శనివారం పొద్దున మా వీధి చివర బస్సు ఆగింది. ఎక్కే దాకా సంచులు, జాగ్రత్తలు, మందులు వేళకు వేసుకోమని నాకు ఆమె, చలికి చెవులు కప్పుకోమని ఆమెకు నేను. ఎక్కాక అద్దాలన్నీ మూసేశారు. ఇంజను మొదలైంది. అచ్చం మగ్గాల మోత. పిల్ల కిటికీ పక్కనే కూర్చుంది గానీ అటు తిరిగి పై అరలో సింథ్ పెట్టె సర్దుతోంది. బస్సు కదిలింది. నా పెదాలు అప్పటికే గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. గొంతు లేదు.

అప్పుడు నాకే భయం వేసింది, నా నోరు చూసి.

ఊపిరి నిండా పీల్చుకుని, డెబ్బై నాలుగేళ్ళలో ఎప్పుడూ వాడని గొంతుతో అరిచాను.

"ఓయ్."

వీధి మొత్తం తిరిగింది. పాల ప్యాకెట్లతో వెళ్తున్నాయన తిరిగాడు. మెట్ల మీద టైలరు తిరిగాడు. బస్సులో ఏడుగురు డాన్సర్లూ తిరిగారు. డ్రైవరు కాలు బ్రేకు మీద పడిందేమో, బస్సు ఒక్క కుదుపు కుదిపి నెమ్మదించింది. పిల్ల తిరిగింది.

అద్దానికి మొహం ఆనించి, పెదాలు పెద్దవి చేసి, మా మిల్లు పద్ధతిలో, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది. అద్దం మూసి ఉంది, ఇంజను మోగుతోంది, ఒక్క చప్పుడు లేదు. అయినా నేను మొత్తం చదివాను.

"అమ్మమ్మా, పళ్ళు."

చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. హడావిడిలో సెట్టు గ్లాసులోనే మర్చిపోయాను. బోసినోరు వీధంతటికీ చూపించి అరిచాను.

నోరు మూసుకోలేదు. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే తెరిచి నవ్వుతూ నిలబడ్డాను.